పెద్దయ్యాక తెలిసిన ఏడీహెచ్‌డీ, ఆటిజం: ఆఫీసు, ఇల్లు, మనుషుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నాకు ఏడీహెచ్‌డీ (ధ్యాస, నిలకడ కుదరని తీరు) అని తేలింది 36వ ఏట. మా అక్క కొడుకుని డాక్టరుకి చూపించడానికి తోడు వెళ్ళాను. డాక్టరమ్మ వాడి గురించి ఒక్కొక్కటే అడుగుతోంది, అక్క జవాబు చెబుతోంది. పక్కన కూర్చున్న నాకు చెమటలు పట్టాయి. అవన్నీ నా సంగతులే. మూడు నెలల తర్వాత అదే డాక్టరు దగ్గరికి నా కోసం వెళ్ళాను.

అప్పట్నుంచి తెలిసినవాళ్ళూ, వాళ్ళకి తెలిసినవాళ్ళూ ఫోన్ చేసి అడిగేవి ఇంచుమించు ఇవే. ప్రతిసారీ మొదట్నుంచి చెప్పలేక రాసి పెట్టాను. నేను డాక్టర్ని కాను, ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, వరసగా చదవాలనేం లేదు. వరసగా చదవడం మనలో చాలామందికి కుదిరే పని కూడా కాదు.

## అనుమానం వచ్చిన కొత్తలో

న్యూరోడైవర్జెంట్ అంటే ఏమిటి? మెంటల్ అనే మాటకి స్టైలు పేరా?

కాదు. మెదడు పనిచేసే తీరు ఎక్కువమందికి ఉన్నట్టు కాకుండా వేరుగా ఉన్నవాళ్ళందరికీ కలిపి వాడే మాట. డాక్టరు చీటీ మీద రాసే జబ్బు పేరు కాదు. ఏడీహెచ్‌డీ, మనుషులతో మెలిగే తీరూ, చప్పుడూ వెలుగూ లాంటివి సోకే తీరూ వేరుగా ఉండే ఆటిజం, చదవడంలో ఇబ్బంది పెట్టే డిస్లెక్సియా, లెక్కల దగ్గర తడబడే డిస్కాల్క్యులియా లాంటివి ఇందులోకి వస్తాయి. చిన్నప్పట్నుంచీ ఉండేవే ఇవన్నీ. ఒకటి ఉన్నవాళ్ళకి ఇంకొకటి ఉండటం కూడా మామూలే. అయితే 2013లో డీఎస్‌ఎం-5 (మానసిక సమస్యల్ని ఎలా గుర్తించాలో చెప్పే అమెరికా సైకియాట్రిస్టుల పుస్తకం) వచ్చేదాకా, ఆ పద్ధతి పాటించే డాక్టర్లకి ఆటిజం ఉన్న మనిషికి ఏడీహెచ్‌డీ కూడా ఉందని రాయడానికి వీలుండేది కాదు. అందుకే పాత రిపోర్టుల్లో ఒక్క పేరే కనిపిస్తుంది.

నాది బద్ధకమా, ఏడీహెచ్‌డీనా?

బద్ధకస్తుడికి పని మానేస్తే హాయిగా ఉంటుంది. మనకి ఆ హాయి కూడా దక్కదు. లేవాలి, చెయ్యాలి అని తిట్టుకుంటూనే మంచం మీద మూడు గంటలు గడిపి, ఆ పని నిజంగా చేసినంత అలిసిపోతాం.

డాక్టర్లు చూసేవి ఇంకొంచెం కచ్చితంగా ఉంటాయి. పన్నెండేళ్ళ లోపే ఈ లక్షణాలు కొన్ని ఉన్నాయా? ఇంట్లో ఒక్కచోటే కాకుండా బడిలో, ఆఫీసులో కూడా ఉన్నాయా? బతుకుకి అడ్డం పడుతున్నాయా? పదిహేడేళ్ళు నిండినవాళ్ళకి పరధ్యానానికి చెందిన తొమ్మిదింటిలో అయిదు గానీ, నిలకడలేనితనానికి చెందిన తొమ్మిదింటిలో అయిదు గానీ ఉండాలి. నిరుడు కొత్తగా మొదలైన మతిమరుపు అయితే ముందు థైరాయిడ్, రక్తహీనత, నిద్ర, డిప్రెషన్ సంగతి చూపించుకోండి.

టెన్త్‌లో స్కూల్ ఫస్ట్, ఎంసెట్‌లో మంచి ర్యాంకు. నాకెలా ఉంటుంది?

ఇంటర్ రెండేళ్ళూ ఎక్కడ చదివారో గుర్తు చేసుకోండి. తెల్లవారుజామున బెల్లు. స్టడీ అవర్‌లో వెనకాలే తిరిగే లెక్చరర్. వారం వారం పరీక్ష, మర్నాటికి గోడ మీద మార్కులు. టైము ఎలా గడుపుకోవాలో మీరు ఒక్క పూట కూడా ఆలోచించుకోనక్కర్లేదు. మన తలలో లేని గడియారాన్ని వాళ్ళు మన చుట్టూ కట్టిపెట్టారు.

ఆ తర్వాత ఇంజనీరింగ్ హాస్టల్లో ఎవరూ లేపకపోతే ఏమైంది? నాకు మొదటి ఏడాదే నాలుగు బ్యాక్‌లాగ్‌లు. ‘బీటెక్‌లో చెడిపోయింది’ అని మావాళ్ళు ఇప్పటికీ అంటారు. చెడిపోలేదు, గోడ తీసేశారు, అంతే. (తర్వాత బీటెక్ వదిలి బీకాం చేశాను. అదో పెద్ద కథ.)

ఆడపిల్లల్లో ఇది ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. తరగతిలో గంతులేసే కుర్రాడు అందరి కళ్ళలో పడతాడు. కిటికీలోంచి చూస్తూ కూర్చునే అమ్మాయి ‘నెమ్మదస్తురాలు’ అనిపించుకుంటుంది.

ఆన్‌లైన్ టెస్టులో ఉందని వచ్చింది. ఇంకా డాక్టరెందుకు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున తయారైన ఏఎస్‌ఆర్‌ఎస్ అనే 18 ప్రశ్నల పత్రం ఉంది. అందులో మొదటి ఆరు చాలు, వెళ్ళి చూపించుకోవాలో లేదో తేల్చుకోవడానికి. అది చెప్పేది అంతవరకే. ఆందోళన ఉన్నవాళ్ళకీ, నెలల తరబడి నిద్రలేనివాళ్ళకీ కూడా అందులో మార్కులు బాగానే పడతాయి.

## డాక్టరు దగ్గర

ఎవరికి చూపించుకోవాలి? న్యూరాలజిస్టుకా?

సైకియాట్రిస్టుకి. పరీక్షలు వివరంగా చేసేది క్లినికల్ సైకాలజిస్టు. వాళ్ళకి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో కనుక్కోండి. దీనికి రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. ‘మెదడు మ్యాపింగ్ చేసి తేలుస్తాం’ అన్నచోట వేలకి వేలు కట్టకండి.

ప్రభుత్వాసుపత్రుల్లో హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ మానసిక వైద్యశాలలున్నాయి. బెంగళూరు దగ్గరైనవాళ్ళకి నిమ్హాన్స్ ఉంది. ఎర్రగడ్డ అనగానే మనవాళ్ళ మొహాలు మారతాయని తెలుసు. అక్కడ ఓపీలో కూర్చునేవాళ్ళలో చాలామంది మీలాగే క్యారేజీ తెచ్చుకుని సగం రోజు సెలవు పెట్టి వచ్చినవాళ్ళే. అసలు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. డబ్బు తీసుకోరు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ‘పెద్దవాళ్ళ ఏడీహెచ్‌డీ చూస్తారా’ అని అడగండి. అక్క కొడుకుని చూసిన డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు నేను చూపించుకున్న ఒకాయన ‘డిగ్రీ ఉంది, ఉద్యోగం ఉంది, ఇంకేం కావాలమ్మా’ అని పంపేశారు. వెళ్ళేటప్పుడు చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులు దొరికితే పట్టుకెళ్ళండి. మార్కులకంటే టీచర్లు కింద రాసిన ముక్కలు ఎక్కువ పనికొస్తాయి. నా నాలుగో తరగతి కార్డులో ‘తెలివైనది, కానీ ధ్యాస ఉండదు’ అని మూడు టర్మ్‌లకీ అదే వాక్యం.

మందులు అలవాటైపోతాయా?

ఎక్కువగా రాసేవి రెండు. ఒకటి మిథైల్‌ఫెనిడేట్. ఇది వేసుకున్న పూటే తేడా తెలుస్తుంది. దుర్వినియోగం చేసే ప్రమాదం ఉంది కాబట్టే మన దేశంలో దీన్ని షెడ్యూల్ ఎక్స్‌లో పెట్టారు. చీటీ రెండు ప్రతులుండాలి, ఒకటి షాపువాడు దాచుకోవాలి, అన్ని షాపుల్లోనూ దొరకదు. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినట్టు వాడితే భయపడాల్సిన పనిలేదు. కానీ స్నేహితుడికి పరీక్షలున్నాయని ఒకటి ఇవ్వడం నేరం కిందకి వస్తుంది. రెండోది ఆటమాక్సెటిన్. నిదానంగా, కొన్ని వారాలకి పట్టుకుంటుంది. ఏది మొదలుపెట్టినా ముందు బీపీ, నాడి చూస్తారు, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అని అడుగుతారు. దాచకండి. ఆటిజానికి మాత్రం ఇలాంటి మందు లేదు. దానితోపాటు ఉండే ఆందోళనకో నిద్రలేమికో ఇస్తారు.

ఇంకో మాట. మందు వేసుకున్న మొదటిరోజు నేను నాలుగు గంటలు తల ఎత్తకుండా ఫోన్‌లో పాత ఫోటోలు సర్దాను. ధ్యాస వచ్చింది. దేనిమీద పెట్టాలో మందు చెప్పదు. వేసుకునే ముందే ఆ రోజు పని కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోవడం అప్పుడు నేర్చుకున్నాను.

మందు అయిపోవడానికి వారం ముందే కేలండర్‌లో గుర్తు పెట్టుకోండి. మర్చిపోయే జబ్బుకి మర్చిపోతే దొరకని మందు! ఎవరి తమాషానో.

సరస్వతీ ఆకు, జ్ఞాపకశక్తి లేహ్యం వాడొచ్చా?

అమ్మ పెట్టింది కాదనలేకపోతే డాక్టరుకి చెప్పి తినండి. దాన్ని నమ్మి మందు మాత్రం ఆపకండి.

## ఆఫీసులో

మేనేజరుకి చెప్పాలా, వద్దా?

ముందు పేరు చెప్పకండి, అవసరం చెప్పండి. ‘నాకు ఏడీహెచ్‌డీ’ అంటే ఎదుటివాళ్ళు సినిమాలో చూసిందో, బంధువుల పిల్లాడో గుర్తొచ్చి ఆగిపోతారు. ‘సార్, నోటిమాటగా చెప్పినవి నాకు జారిపోతాయి. మాట్లాడుకున్నాక నేనే మెయిల్ పెడతాను, తప్పుంటే చెప్పండి’ అంటే ఏ మేనేజరూ కాదనడు. పైగా పద్ధతైన మనిషి అని పేరొస్తుంది. సీటు మార్చమనడం, హెడ్‌ఫోన్లు పెట్టుకోవడం, వారంలో రెండు పూటలు మీటింగులు లేకుండా ఉంచమనడం, అన్నీ ఇలాగే అడగొచ్చు.

పేరు చెప్పాల్సిన సందర్భం వేరే ఉంది. పనితీరు మీద ఫిర్యాదులు మొదలయ్యాయనిపించినప్పుడు, అవి కాగితం మీదకి ఎక్కకముందే, హెచ్‌ఆర్‌కి మెయిల్‌లో డాక్టరు లెటర్ జతచేసి చెప్పండి. పీఐపీలో (పనితీరు మెరుగుపరుచుకోమని గడువిచ్చే పద్ధతి) పెట్టాక చెబితే నిజమే చెప్పినా సాకులా వినిపిస్తుంది. నా అభిప్రాయం ఇది. చెప్పి బాగుపడినవాళ్ళనీ చూశాను, చెప్పి ప్రమోషన్ పోగొట్టుకున్నవాళ్ళనీ చూశాను.

చట్టం ఏమైనా అండగా ఉందా?

కొంత. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాలున్నాయి. ఆటిజం ఉంది, డిస్లెక్సియా లాంటివి వచ్చే నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉంది. ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. రిజర్వేషన్ లాంటి లాభాలకి 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం కావాలి. మనవాళ్ళు సదరం సర్టిఫికెట్ అనేది అదే, దేశమంతటా చెల్లే కార్డు యూడీఐడీ. ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకున్న 4 శాతంలో ఒక శాతం ఆటిజం, అభ్యసన వైకల్యం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళందరికీ కలిపి. 20 మంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థ కూడా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. మీ కంపెనీ ఇంట్రానెట్‌లో వెతకండి. ఎక్కడో అడుగున ఉంటుంది. అందులో రాసిన మాటలే మీ మెయిల్‌లో వాడండి.

డెడ్‌లైన్ ముందురాత్రి రాక్షసుల్లా చేస్తాను. అంతకుముందు రోజు వేలు కూడా కదలదు. ఎందుకు?

పని ముఖ్యమైనదని తెలిస్తే చాలు, మిగతావాళ్ళ మెదడు కదులుతుంది. మనది కదలాలంటే ఆసక్తైనా ఉండాలి, కొంపైనా అంటుకోవాలి. కొంప అంటుకునేదాకా ఆగడం అలవాటు చేసుకుంటాం. ఇరవైల్లో అది నడుస్తుంది, నలభైల్లో ఒళ్ళు ఊరుకోదు.

మనకి మనం పెట్టుకునే దొంగ డెడ్‌లైన్లు పనిచెయ్యవు, దొంగవని మనకే తెలుసు కాబట్టి. పనిచేసేది ఒకటే: అవతల ఒక మనిషి ఎదురుచూస్తూ ఉండటం. నా పనిలో ప్రతి నెలా 11న జీఎస్‌టీఆర్-1, 20న జీఎస్‌టీఆర్-3బీ అనే జీఎస్‌టీ రిటర్నులు దాఖలు చెయ్యాలి. నేను పక్క సీటావిడకి ‘8న, 17న సాయంత్రం నాలుగింటికి షీటు పట్టుకుని నీ దగ్గరికి వస్తాను, ఒకసారి చూడు’ అని చెప్పాను. ఆవిడ నిజంగా చూడకపోయినా ఫర్వాలేదు. ఆవిడ అక్కడుంటుందన్న ఎరుకే నన్ను మధ్యాహ్నం రెండింటికి కుర్చీలో కూర్చోబెడుతుంది. ఆలస్య రుసుము కట్టి రెండేళ్ళు దాటింది.

పక్కన మనిషి ఊరికే కూర్చున్నా పని సాగడం కూడా ఇలాంటిదే. చిన్నప్పుడు అమ్మ పక్కన చిక్కుళ్ళు వొలుస్తుంటే హోంవర్క్ అయిపోయేది గుర్తుందా? ఇప్పుడు వీడియో కాల్ పెట్టుకుని, మాటల్లేకుండా ఎవరి పని వాళ్ళు చేసుకునే జంటలున్నారు. మొదలే కష్టమైతే మొదటి అడుగుని సిగ్గుపడేంత చిన్నది చెయ్యండి. ‘రిపోర్టు రాయాలి’ కాదు, ‘ఫైలు తెరిచి పైన తేదీ వెయ్యాలి’.

మీటింగులో మనసు ఎటో పోతుంది. ఏం చెయ్యను?

చేతికి పని ఇవ్వండి. గీతలు గీయండి, విన్న మాటలు రాయండి. ఫోన్ మీటింగైతే నడవండి.

చప్పుడు, ట్యూబ్‌లైట్లు, సెంటు వాసన... సాయంత్రానికి నోట మాట రాదు. నాటకమంటున్నారు.

నాటకం కాదు. ఆటిజం ఉన్నవాళ్ళలో చాలామందికి చెవీ కన్నూ ముక్కూ వడపోత లేకుండా అన్నిటినీ లోపలికి పంపుతాయి. అవతలి మనిషి మాటా, ఏసీ మోతా ఒకే గొంతుతో వినిపిస్తాయి. నాకు తెలిసిన ఒకతను బ్యాంకు కౌంటర్లో పనిచేస్తాడు. రోజంతా నవ్వు మొహంతో పని చేసి, ఇంటికి రాగానే గోడకి తిరిగి పడుకునేవాడు. భార్య తనమీద కోపమనుకుంది ఏడాదిపాటు. ఇప్పుడు వాళ్ళింట్లో ఒక ఒప్పందం ఉంది. వచ్చాక అరగంట లైటు వెయ్యరు, ఏమీ అడగరు, టీ గ్లాసు తలుపు దగ్గర పెడతారు. అరగంటయ్యాక అతనే వచ్చి కబుర్లు చెబుతాడు.

ఆఫీసులో చెవుల్లో పెట్టుకునే మెత్తటి ప్లగ్గులు, గోడవైపు సీటు, రోజూ ఒకే భోజనం, ఇవి చిన్నవిగా కనిపిస్తాయి గానీ సాయంత్రానికి ఓపిక మిగిలేది వీటివల్లే. లంచ్‌లో అందరితో కూర్చోకపోతే పొగరంటారనే భయం ఉంటే వారానికి రెండ్రోజులు కూర్చోండి, మిగతా మూడు మీవి.

## ఇంట్లో

పాలు పొంగిపోతాయి, మోటారు కట్టెయ్యను, తాళాలు కనపడవు. నన్ను నేను ఎలా మార్చుకోవాలి?

మిమ్మల్ని మార్చుకోకండి, ఇంటిని మార్చండి. ‘ఈసారి గుర్తు పెట్టుకుంటా’ అని నేను ముప్పయ్యేళ్ళు ఒట్లు వేసుకున్నాను. గుర్తుంచుకునే పని తలకి అప్పగించినంతకాలం గ్యాస్ స్టవ్ తుడుస్తూనే ఉన్నాను.

పాలకి, విజిలేసే పాల కుక్కర్ కొన్నాను. మా అత్తగారి కాలంలో ప్రతి ఇంట్లోనూ ఉండేది, ఇప్పుడు పాతసామాన్లలా చూస్తున్నారు. కూరలకి టైమరున్న ఇండక్షన్ స్టవ్, దానంతటదే ఆగిపోతుంది. మోటారుకి, ట్యాంకు నిండగానే ఆపేసే ఆటోమేటిక్ కంట్రోలర్. మా మేడమీంచి నీళ్ళు కారితే కిందింటివాళ్ళు కేకేసే రోజులు పోయాయి. తాళాలకి, తలుపు పక్కన ఒక మేకు. అందమైన కీ స్టాండు కాదు, మేకు. చెయ్యి వెళ్ళే ఎత్తులో ఉండాలి.

మూతపడిన డబ్బాలో ఉన్నది మనకి లోకంలో లేనట్టే. పప్పులు గాజు సీసాల్లో పెట్టండి, ఫ్రిజ్‌లో అడుగు అరలో కూరలు పెట్టకండి, అవి కుళ్ళాకే గుర్తొస్తాయి. ఫోన్ రిమైండర్ వేలితో తోసేస్తే పోతుంది. లేవక తప్పని అలారం కావాలంటే గడియారం గదికి ఆ చివర పెట్టాలి.

వంట, ఇల్లు ఎప్పుడూ చిందరవందరే. ఆడదానివై ఉండి ఇదేంటంటున్నారు.

అదే ఇంట్లో అదే చిందరవందరగా ఉన్న మగవాడిని ఎవరూ ఏమీ అనరు, గమనించారా? అన్నం రైస్ కుక్కర్లో పడేసి, కూర వీధి చివర కర్రీ పాయింట్‌లో తెచ్చుకున్న పూట మీరేమీ ఓడిపోలేదు. తరిగిన కూరగాయలు నాలుగు రూపాయలు ఎక్కువైనా కొనండి. కొనకుండా మిగిల్చిన డబ్బు, కుళ్ళి పారేసిన వంకాయల్లో పోతోంది. ఉతికిన బట్టలు మడత పెట్టడం నేను మానేసి మూడేళ్ళయింది. ఒక్కొక్కరికి ఒక్కో బుట్ట. ఇస్త్రీకిచ్చేవి వేరు.

బిల్లు కట్టడానికి డబ్బుంటుంది, కట్టను. ఫైన్లు పడుతున్నాయి.

కరెంటు, ఇంటర్నెట్, ఫోన్, ఇన్సూరెన్స్ అన్నీ ఆటోపేలో పెట్టెయ్యండి. జీతం వచ్చిన మర్నాడే ఈఎంఐలు, అద్దె పోయేలా తేదీలు మార్పించుకోండి. ఖర్చులకి వేరే ఖాతా తెరిచి, అందులో ఉన్నదే మీ డబ్బు అనుకోండి. అర్ధరాత్రి షాపింగ్ జబ్బుంటే యాప్‌లో కార్డు నంబర్ తీసెయ్యండి. పర్సు వెతుక్కోవడానికి లేవాలి కదా, సగంసార్లు లేవం.

రాత్రి రెండైనా నిద్ర రాదు. ఫోన్ వల్లేనా?

ఫోన్ ఒక్కటే కాదు. ఏడీహెచ్‌డీ ఉన్న చాలామందికి ఒంట్లో గడియారమే ఆలస్యంగా నడుస్తుంది. పొద్దున్నే పది నిమిషాలు ఎండలో నిలబడటం, సాయంత్రం నాలుగు తర్వాత టీ కాఫీలు మానడం, మందు వేసుకునే వేళ డాక్టరుతో మాట్లాడి సర్దుకోవడం, ఈ మూడూ ముందు చెయ్యండి.

## మనుషులతో

అమ్మానాన్న నమ్మట్లేదు. ‘ఇవన్నీ అందరికీ ఉంటాయి’ అంటున్నారు.

వాళ్ళింట్లో అందరికీ ఉండే ఉంటాయి! ఏడీహెచ్‌డీలో వంశపారంపర్యం పాలు 70 నుంచి 80 శాతం దాకా ఉంటుందని కవలల మీద చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని వెతికే నాన్నకి, ఒక్క చోట కూర్చోని మేనత్తకి మీ ఇబ్బంది మామూలుగానే కనిపిస్తుంది. వాదించకండి. పేరు నమ్మకపోయినా పని నమ్ముతారు. మా నాన్న ఇప్పటికీ ‘అదంతా డాక్టర్ల వ్యాపారం’ అంటారు, కానీ నా మేకు చూసి తమ ఇంట్లోనూ ఒకటి కొట్టించుకున్నారు.

పెళ్ళి సంబంధాల్లో చెప్పాలా?

చెప్పాలి. నిశ్చితార్థానికి ముందే, చేసుకోబోయే మనిషికే నేరుగా చెప్పాలి. పెళ్ళిళ్ళ పేరయ్య చేతో, పిన్ని చేతో చెప్పిస్తే చేరేసరికి అది ‘పిచ్చి’ అవుతుంది. జబ్బు పేరుతో మొదలుపెట్టకుండా రోజువారీ సంగతి చెప్పండి: ‘నేను పుట్టినరోజులు మర్చిపోతాను, ప్రేమ లేక కాదు. గోల ఎక్కువైతే ఫంక్షన్ మధ్యలో బయటికి వెళ్ళిపోతాను. దీనికి డాక్టరు దగ్గర మందు వాడుతున్నాను.’ విని వెనక్కి తగ్గితే బాధే. నాకు పెళ్ళయ్యాకే తెలిసింది కాబట్టి ఈ పరీక్ష తప్పింది. కానీ మొదటి ఎనిమిదేళ్ళు మా ఆయన దాన్ని నిర్లక్ష్యమనీ, నేను నా ఖర్మ అనీ అనుకున్నాం.

చిన్న మాటంటేనే రోజంతా కుంగిపోతాను. ఒక్కోసారి బతకాలనిపించదు.

ఎదుటివాళ్ళ చిరాకు, మందలింపు మనలో చాలామందికి మామూలుకంటే లోతుగా దిగుతుంది. చిన్నప్పట్నుంచీ తిన్న తిట్ల లెక్క కూడా దానికి తోడవుతుంది. ఆ మాట వచ్చిన గంటలో రాజీనామా, జవాబు మెయిల్, తెగతెంపులు, ఏవీ చెయ్యకండి. బతకాలనిపించకపోవడం మాత్రం వేరే సంగతి. దానికి గంట కూడా ఆగకుండా ఇంట్లో ఒకరికి చెప్పండి, 14416కి ఫోన్ చెయ్యండి.

## దేశం దాటేటప్పుడు

అమెరికా, దుబాయ్ వెళ్తున్నాను. మందులు పట్టుకెళ్ళొచ్చా?

దేశాన్ని బట్టి. యూఏఈలో మిథైల్‌ఫెనిడేట్ నియంత్రిత మందు, బయల్దేరే ముందే అక్కడి ప్రభుత్వం దగ్గర ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి. జపాన్‌కి, అమెరికాలో ఏడీహెచ్‌డీకి రాసే యాడరాల్ అనే మందుని చీటీ ఉన్నా తీసుకెళ్ళనివ్వరు. అమెరికాలో ఇలాంటి మందులకి రీఫిల్ ఉండదు, ప్రతిసారీ డాక్టరు కొత్తగా రాయాలి. కాబట్టి దిగిన వారంలోనే డాక్టర్ని వెతకడం మొదలుపెట్టండి.

అమెరికాలో 15 మంది, అంతకు మించి పనిచేసే కంపెనీల్లో ఏడీఏ (అక్కడి దివ్యాంగుల హక్కుల చట్టం) కింద సర్దుబాట్లు అడగొచ్చు. బ్రిటన్‌లో దివ్యాంగులకి ఉద్యోగంలో సాయం చేసే యాక్సెస్ టు వర్క్ అనే ప్రభుత్వ పథకం ఉంది. ఎక్కడికెళ్ళినా మందు అసలు డబ్బాలోనే ఉండాలి, చీటీ, డాక్టరు లెటర్ ఇంగ్లిష్‌లో ఉండాలి, మూడూ చేతిసంచిలోనే పెట్టుకోవాలి. ఆ సంచి ముందురోజు రాత్రే తలుపుకి అడ్డంగా పెట్టండి, దాటకుండా బయటికి వెళ్ళలేనట్టు.